పెద్దకొస నుంచి చదవాలి

యంత్రం మళ్లీ 1904లోనే కళ్లు తెరిచింది. లోపలి గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, అందుకే ఆపి వెలిగిస్తే తారీఖు మొదటికి పోతుంది. అలాంటి బ్యాటరీ చేసే ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. ఇంజినీరు వకుళ తారీఖు టైపు చేసి దాన్ని వర్తమానంలోకి లాక్కొచ్చింది. అలా చేయకపోతే దాన్ని నడిపే లినక్స్ తన ఫైళ్లన్నీ భవిష్యత్తులో పుట్టాయంటూ ప్రతిదానికీ గొణుగుతుంది. రోజూ పొద్దున టీ కన్నా ముందు జరిగే పని ఇది.

బారువ శ్రవణ కేంద్రంలో ముద్రచిప్పు లేని యంత్రం ఇదొక్కటే. మిగతావన్నీ ఏ లెక్క చేయబోయినా ముందు కూడలి అనే పెద్ద యంత్రాన్ని అడుగుతాయి, కూడలి ముద్ర వేశాకే జవాబు చెబుతాయి. ఈ బూడిదరంగు టవర్‌కి అడగడం రాదు. ఇది తయారయ్యేనాటికి యంత్రం ఒకరిని అడిగి లెక్కపెట్టాలన్న ఆలోచన ఎవరికీ లేదు. దీని చిప్పు పవర్‌పీసీ. అదే వంశపు చిప్పు పైన తిరుగుతున్న సాగరశ్రవణి అనే ఉపగ్రహంలో కూడా ఉంది. ఉపగ్రహంలోకి ఏ ప్రోగ్రాము ప్రతి ఎక్కించాలన్నా ముందు నేల మీద ఆ వంశపు యంత్రంలోనే నడిపి చూడాలని చట్టం. ఆ చట్టం పుణ్యమా అని టవర్ తుక్కులోకి పోకుండా బతికింది.

దానిలో లినక్స్ ఎక్కించడానికి వకుళకి వారం పట్టింది. సీడీ పెడితే నమిలి బయటికి ఉమ్మింది. నాలుగు మీటలు ఒకేసారి నొక్కిపట్టి తెల్లటి తెర మీద ఆజ్ఞలు రాసి, వైరు గుండా లినక్స్ గుండెకాయ కెర్నల్‌ని లోపలికి పంపాల్సి వచ్చింది. డిస్కు మొదట్లో చిటికెడు జాగా వదలడం మర్చిపోయినందుకు రెండు రోజులు తెర మీద ప్రశ్నార్థకమున్న ఫోల్డరు బొమ్మ మిణుకుమిణుకుమంది. కొత్త కెర్నళ్లు ఈ చిప్పుని వదిలేసి తరాలు గడిచాయి, అతుకులన్నీ చేత్తో వేసుకోవలసిందే. ఆమె విసుక్కుంది, తిట్టింది, చివరికి అది లేచి కూర్చున్నప్పుడు గదిలో ఎవరూ లేకపోయినా చప్పట్లు కొట్టింది.

ఇంత పాటూ ఒక దహన ప్రతి కోసం. మధ్యాహ్నం సాగరశ్రవణి నెత్తి మీదికి వచ్చినప్పుడు ఆ ప్రతిని పైకి పంపాలి. అందుకున్నాక ఉపగ్రహం ఇంజిన్ మండించుకుని కిందికి దిగి గాలిలో కాలిపోతుంది. దాని పని పాత పడవల్లోని కేకపెట్టెలు వినడం. పడవ ఆపదలో పడితే పెట్టె తన నంబరు, తానున్న చోటు అరుస్తుంది, ఉపగ్రహం విని నేలకి చెబుతుంది. ఆరేళ్లుగా అది చెప్పేవన్నీ పిచ్చి మాటలే. ఒక పడవ ఎడారిలో ఉందంటుంది, ఇంకొకటి భూగోళం మీదే లేని చోట ఉందంటుంది. కూడలి వాటిని 'భ్రమ' అనే గడిలో వేసి ఊరుకుంటుంది. కేంద్రంలో అందరూ సాగరశ్రవణిని పిచ్చితల్లి అని పిలుస్తారు.

టీ గ్లాసుతో పాటు గేటు కాపలా గురువులు ఒక కబురు కూడా తెచ్చాడు.

"మేడమ్, నిన్నట్నుంచి ఒకావిడ గేటు కాడే కూకుందండి. ఎంత సెప్పినా ఎల్లట్లేదు. కూతురి బోటు రాలేదంట."

వకుళ వెళ్లి చూసింది. మైలపల్లి ఎర్రమ్మకి అరవై ఏళ్లుంటాయి. గోడ నీడలో, ఆకాశంలోకి తిరిగిన పెద్ద డిష్ కేసి చూస్తూ కూర్చుంది.

"ఆ గొడుగు సముద్రాన్ని ఇంటాదంట గదమ్మా. నా గుంట నూకాలు ఏటకెల్లింది. ఇంకిద్దరు గుంటలు తోడున్నారు. మొన్న మాపటికి రావాల. బోటు నలభైయొకటి పదిహేడు. కేకేసిందేటో సూసి సెప్పమ్మా."

"నేరుగా కూడలికి చెప్పే కొత్త ముద్రపెట్టె ఉందా బోటులో?"

"దానికి డబ్బులెక్కడివి? పాత పెట్టే. ఆల్ల నాన్న బిగించింది."

చూస్తానని చెప్పి వకుళ లోపలికి వచ్చింది. పాత పెట్టె అంటే పిచ్చితల్లి. ఆ మాట ఎర్రమ్మతో అనడానికి ఆమెకి నోరు రాలేదు.

ఉపగ్రహం పొద్దున ఒకసారి మీదుగా పోతుంది. మధ్యాహ్నం పనికి రిహార్సలుగా వకుళ డిష్ తీగ నుంచి ఒక పాయ తీసి టవర్‌కి తగిలించింది. సంకేతం అందుతోందో లేదో తెలియాలి కదా అని, కేంద్రంలో మూలపడి ఉన్న పాత శ్రవణ ప్రోగ్రామునే టవర్ మీద నడిపింది. గోడ మీద కూడలి తెర కూడా అదే సంకేతాన్ని వింటోంది.

ఉపగ్రహం ఒక కేకని కిందికి చెప్పింది. గోడ తెర అది గోబీ ఎడారిలోదని తేల్చి భ్రమ గడిలో వేసింది. టవర్ తెర మీద మాత్రం పడవ నంబరు 4117 అని, చోటు కళింగపట్నానికి ఎదురుగా నడిసముద్రమని వచ్చింది.

వకుళ రెండు తెరల్నీ మార్చి మార్చి చూసింది. విషయం అర్థం కావడానికి ఆమెకి ఎక్కువసేపు పట్టలేదు, నమ్మడానికే పట్టింది. పెద్ద సంఖ్యని నాలుగు ముక్కలు చేసి దాచేటప్పుడు పవర్‌పీసీ పెద్దముక్కని ముందు పెడుతుంది, మనం కాగితం మీద రాసినట్టే. కొత్త చిప్పులు చిన్నముక్కని ముందు పెడతాయి. ఏదీ తప్పు కాదు. ఒకటి పెద్దకొస నుంచి పెట్టినదాన్ని రెండోది తిప్పుకోకుండా చిన్నకొస నుంచి చదివితేనే తంటా. పూర్వం ఇక్కడ వినే యంత్రమూ పవర్‌పీసీయే, కాబట్టి తిప్పే అవసరం రాలేదు. ఆరేళ్ల కిందట దాన్ని తీసేసి ముద్రచిప్పు యంత్రం పెట్టారు, ప్రోగ్రాముని ఉన్నదున్నట్టు అందులో పోశారు. ఉపగ్రహానికి పిచ్చి పట్టలేదు. దాని మాటల్ని వీళ్లే తలకిందులుగా చదువుతున్నారు.

ఆ యంత్రం మార్చిన మనిషి పక్కగదిలోనే ఉన్నాడు. కేంద్రం అధిపతి పరాంకుశం తెలివైనవాడు. వకుళ రెండు తెరలూ చూపించగానే, ఆమె సగం మాటలో ఉండగానే అంతా గ్రహించాడు. ఆయన మొహం పాలిపోయింది. అయినా ముందు చేయవలసింది ముందు చేశాడు, రక్షణ దళానికి ఫోన్ కలిపాడు.

"పడవ ఎక్కడుందో తెలిసింది. చెబుతాను, రాసుకోండి."

"కూడలి ఏమంటోంది సార్?"

"భ్రమ అంటోంది. కానీ అది తప్పు."

"ముద్ర లేని చోటు కొడితే మా బోటు ఇంజినే స్టార్టవదు సార్. కూడలిలో సరిచేయించి చెప్పండి, క్షణంలో బయల్దేరతాం."

కూడలిలో ఒక ప్రోగ్రాము సరిచేయించాలంటే మూడు అంచెల అనుమతి కావాలి. పరాంకుశం ఫోన్ పెట్టేశాడు.

"అర్జీ పెడతాను. మీరు మధ్యాహ్నం దహన ప్రతి పంపేయండి," అన్నాడు.

"పంపేస్తే ఇక వినడానికి ఏముంటుంది సార్?"

"ఆరేళ్లు, వకుళగారూ. ఆరేళ్లలో ఎన్ని భ్రమలు పడ్డాయో మీకు తెలియదు. ఇదొక్కటి నిజమైతే అవన్నీ నిజమే." ఆయన తన గది వైపు అడుగేశాడు. "నాకు భయంగా ఉంది. మీ దగ్గర దాచడం దేనికి?"

గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

వకుళకి ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. దేనికీ తీరిక లేదు. రక్షణ దళం బోట్లు కదలవు. కదలగలిగినవి చేత్తో చక్రం తిప్పి స్టార్ట్ చేసే చేపల బోట్లే. వాటిలో ముద్రపెట్టె ఉన్నా ఇంజిన్‌కి చిప్పు ఉండదు. ఒక్కో బోటుకీ కూడలి ఒక గీత గీసి ఇచ్చింది, ఆ గీత దాటితే సీజనంతా వేట బంద్. ఆమె మళ్లీ గేటుకి నడిచింది.

"ఎర్రమ్మగారూ, ఒక మాట అడుగుతాను. వేరే బోట్లవాళ్లకి కేక వినబడితే, గీత దాటి వెళ్తారా?"

ఎర్రమ్మ ఆమెని వింతగా చూసింది.

"ఎల్తారా అని అడగతావేటమ్మా! కేక ఇన్నోడు వల కోసీసైనా ఎల్లాల. ఎల్లకపోతే ఆడి బోటు ఒడ్డుకొచ్చినపుడు ఎవులూ తాడు పట్టరు. ఇనకపోతే తప్పునేదు. ఇన్నాక మరి ఆగకూడదు."

గురువులు తలూపాడు. అతనిదీ ఆ రేవే.

తిరిగి వచ్చేసరికి వకుళ మనసులో పని మొత్తం తయారైంది. కెర్నల్‌ని మళ్లీ కట్టాలంటే టవర్‌కి ఒక పూటంతా కావాలి, కాబట్టి దాని జోలికి పోలేదు. దహన ప్రతిలోంచి ఇంజిన్ మండించే ఆజ్ఞ తీసేసింది. అక్కడ పాత శ్రవణ ప్రోగ్రాము పెట్టింది. ఒకప్పుడు సాగరశ్రవణి పడవల రేడియోలకి గాలివాన వార్తలు కూడా చదివేది. అంకెలు, దిక్కులు పలికే ఒక ఆడగొంతు రికార్డింగు ఇంకా దాని జ్ఞాపకంలోనూ కేంద్రం ఫైళ్లలోనూ ఉంది, తీసేయడానికి ఎవరూ ఓపిక చేయలేదు. విన్న ప్రతి కేకనీ ఆ గొంతుతో, అందరూ వినే చానల్లో చదవమని వకుళ నాలుగు వాక్యాల ఆజ్ఞ రాసింది. టవర్ మీద నడిపి చూసింది. చిన్న స్పీకరులో ఎవరో ఆవిడ, ఆవిడ ఇప్పుడు ఉందో లేదో, నలభై ఒకటి పదిహేడు అని నిదానంగా చెప్పింది.

ఇది తెలిస్తే ఉద్యోగం పోతుందని వకుళకి తెలుసు. ముద్ర లేని లెక్కని సముద్రంలోకి వదిలినందుకు జైలు కూడా ఉండొచ్చు. అయినా అక్షరాలు తప్పుగా పడలేదు.

మధ్యాహ్నం డిష్ కదిలింది. ప్రతి పైకి వెళ్లింది. సాగరశ్రవణి ఒక్కసారి ఆరిపోయి మళ్లీ మొదలైంది. ఆకాశంలో లినక్స్ లేస్తుంటే దాని పలుకులు ఒక్కో వరుసా టవర్ తెర మీదికి దిగాయి. చిప్పు దొరికింది. జ్ఞాపకం దొరికింది. డిస్కు వెతుకుతోంది. ఆ వరుస దగ్గర ఆగింది, ఆగే ఉంది. రెండు రోజులు మిణుకుమిణుకుమన్న ప్రశ్నార్థకం వకుళకి గుర్తొచ్చింది. తర్వాత ఒక వరుస, దాని వెనకే గబగబా మిగతావన్నీ వచ్చాయి.

గేటు దగ్గర గురువులు రేడియోలోనూ, లోపల గది రేడియోలోనూ గొంతు మొదలైంది.

"పడవ నలభై ఒకటి పదిహేడు. ఉత్తరం పద్దెనిమిది..."

ఎర్రమ్మ లేచి నిలబడింది. గొంతు చోటు మొత్తం చెప్పి ఆగింది. ఆగి, ఇంకో నంబరు చదివింది. తర్వాత ఇంకొకటి. వకుళ ఒక్క పడవ కోసం చేసింది. సముద్రంలో అరుస్తున్నవి ఐదున్నాయి.

"నలభైయొకటి పదిహేడూ, ఇన్నాం. వల కోసీసినాం, వస్తన్నాం." రేడియోలో ముందుగా జవాబిచ్చిన ఆ బోటు మందస వాళ్లది. గోపాల్‌పూర్ బోటొకటి మరో నంబరుకి ఒడియాలో జవాబిచ్చింది. తర్వాత ఎవరి మాట ఏదో తెలియనంతగా గొంతులు కలిసిపోయాయి.

గోడ తెర మీద బోట్లు గీతలు దాటసాగాయి. మొదట ఒకటీ అరా, కాసేపటికి మందలు మందలుగా. ఏ ఆదేశం లేకుండా ఇన్ని బోట్లు ఒకేసారి వలలు వదిలేసి ఎందుకు పోతాయో చెప్పే గడి కూడలిలో లేదు. అది బాగా ఆలోచించుకుని ఆ బోట్లన్నిటినీ కూడా భ్రమలోనే వేసింది.

పరాంకుశం తలుపు తెరుచుకుని వచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది, అవతల ఎవరో అరుస్తున్నారు.

"ఎవరు ఆర్డరిచ్చారని అడుగుతున్నారు," అన్నాడు వకుళతో.

"ఎవరూ ఇవ్వలేదు సార్. విన్నారు, వెళ్తున్నారు."

"ఆపమంటున్నారు."

"ఆపాలంటే ఇంకో ప్రతి పంపాలి. టవర్ నడిపేది నేనొక్కదాన్నే. నేను పంపను."

ఆయన ఫోన్ కట్టేసి, రేడియో వింటూ గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

సాయంత్రానికి నూకాలు బోటుని మందస బోటు తాడుతో లాక్కొచ్చింది. ఇంజిన్ పాడై, నీళ్లు అయిపోయి, ముగ్గురూ పెదాలు పగిలిపోయి ఉన్నారు. బతికే ఉన్నారు. ఎర్రమ్మ రేవుకి పరిగెత్తింది, కేంద్రం వైపు తిరిగి కూడా చూడలేదు. చూడలేదని వకుళకి ఎంత సంతోషం వేసిందో చెప్పలేం. మిగతా నాలుగు పడవల దగ్గరికీ బోట్లు చేరాయి. నాలుగోది ఒట్టి పడవ. మనుషులు లేరు. ఎండ తగిలినప్పుడల్లా పెట్టె ఒక్కటే అరుస్తోంది, ఎన్నాళ్ల నుంచో ఎవరికీ తెలియదు.

ఆ వార్త విన్నాక పరాంకుశం వచ్చి టవర్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆ భ్రమలన్నీ ఈ యంత్రం చదవగలదా?" అని అడిగాడు.

"చదువుతుంది సార్. నెమ్మదిగా."

"చదివించండి."

మర్నాడు వకుళని పట్టుకుపోవడానికి ఎవరూ రాలేదు, ఆ రోజు వాళ్లకి అంతకన్నా పెద్ద తలనొప్పులున్నాయి. జనం మాత్రం వచ్చారు. ఒట్టి పడవ సంగతి తీరమంతా పాకింది. గేటు ముందు ఆడవాళ్లు, మగవాళ్లు, ఒక్కొక్కరి నోట ఒక్కో నంబరు. గురువులు బెదిరిపోయి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. వకుళ లేవబోయింది. పరాంకుశం వద్దని చెయ్యి చూపి, తనే గేటు దాకా నడిచాడు.

ముందు వరుసలో ఒక ముసలాయన ఉన్నాడు. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"బాబూ, మావోడిది ఇరవైరెండు తొమ్మిది. నాలుగేళ్లయినాది. ఆడు కేకెయ్యనేదు, ఎటో ఎల్లిపోనాడు అనీసి రాసీసినారు. పెట్టె ఉండగా ఎందుకెయ్యడని నాను ఆవేల్టి నుంచీ అడగతన్నాను. ఎయ్యనేదా బాబూ?"

పరాంకుశం రాత్రంతా చదివినవాటిలో ఆ నంబరు ఉంది. ఆయన గేటు కడ్డీ పట్టుకున్నాడు.

"వేశాడు," అన్నాడు. "మూడు రోజులు వేశాడు."