మైకు చుట్టూ మూడు ప్రదక్షిణలు

మధ్యాహ్నం మూడు దాటింది. పుదుచ్చేరిలోని ఉప్పళం బడి వరండాలో వీర్రాజు స్తంభానికి ఆనుకుని నిలబడి, వేడి బోండా నములుతూ, వాళ్ల నాన్నగారు చెప్పే నియమాలు వింటున్నాడు. వింటున్నాడని నేనంటున్నాను గానీ, నోట్లో బోండా కాలుతున్నప్పుడు చెవులు ఏపాటి పనిచేస్తాయో మీకూ తెలుసు.

తెలుగు సంఘం వారి ఉగాది ఉపన్యాసాల పోటీ ఇంకాసేపట్లో మొదలవుతుంది. పోటీ అధికారి వీర్రాజు వాళ్ల నాన్నగారే. పేరు రామభద్రరావుగారు. యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి, వైట్ టౌన్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చున్నారు. నియమాలంటే ఆయనకు ప్రాణం. ఇంట్లో పిల్లి పాలు తాగినా వరుసలో నిలబడి తాగాలంటారు.

ఆ రోజు ఎండ ఎలా ఉందనుకున్నారు? రోడ్డు మీద అప్పడం వేస్తే వేగిపోయేది. నేను రెండు వేయించుకుని తిన్నాను కూడా. అలాంటి ఎండలో రామభద్రరావుగారి తల మీద ఉన్ని టోపీ ఉంది. రెండు నెలలుగా ఆయన దాన్ని తీయలేదు. అడిగితే జలుబు అనేవారు.

"అందరూ వినండి," అన్నారాయన వరండాలోని పిల్లలతో. "పిలిచిన దగ్గర్నుంచి మూడు నిమిషాలు. రెండు నిమిషాలకు ఒక గంట మోగుతుంది. మూడో నిమిషానికి వరసగా రెండు గంటలు. అంతే, ఆపేయాలి. మీకు నంబర్లే గానీ పేర్లు ఉండవు. స్టేజీ మీద పేరు చెప్పినా, ఫలానావారి పిల్లలమని చెప్పినా పోటీ నుంచి అవుట్."

తర్వాత ఆయన జడ్జీలకు నియమాలు చెప్పడానికి పక్క గదిలోకి వెళుతూ వెనక్కి తిరిగారు.

"వీర్రాజూ, ఆలస్యంగా ఎవరైనా వస్తే ఈ నియమాలు నువ్వే చెప్పాలి. ఒక్కటి కూడా వదలకూడదు."

"అలాగేనండి నాన్నగారూ."

పక్క గదిలో ముగ్గురు జడ్జీలున్నారు. వాళ్లలో పెద్దాయన అనంతరామన్‌గారు. ఆయన కూడా బోండాలు తిన్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది. నియమాలు మొదలయ్యేసరికే ఆయన కళ్లు మూతపడ్డాయి. కళ్లు మూసుకుంటే బాగా వినపడుతుందని తర్వాత చెప్పారు. గురక కూడా అందుకేనేమో. మిగతా ఇద్దరూ పెద్దాయన్నే అనుసరించారు.

గంట కొట్టే పని సుబ్బరాయలుది. సంఘానికి గంట లేదు. అందుకని ఆయన తన సైకిలు బెల్లు ఊడదీసి తెచ్చుకున్నాడు.

ఇక వీర్రాజు సంగతి. వాడి ఉపన్యాసం పేరు 'ధైర్యం'. ఒక ఆఫీసులోకి మదించిన ఎద్దు చొరబడితే, ఒక ఆఫీసరు కొమ్ములు పట్టుకుని దాన్ని వెనక్కి తోసేశాడు. ఆ ఆఫీసరు ఎవరో బడిలో అందరికీ తెలుసు. ఇంట్లో రామభద్రరావుగారు చెప్పిన కథే అది. ఆయన చెప్పినప్పుడు ఎద్దు మామూలుగానే ఉండేది. వీర్రాజు చేతిలో పడ్డాక పెరిగింది. నా దాకా వచ్చేసరికి దాని కొమ్ములకు ఇద్దరు ప్యూన్లు వేలాడుతున్నారు. కథలో ఎద్దు కదా, గడ్డి ఖర్చు లేదు, ఎంతైనా పెంచుకోవచ్చు.

బోండా సగం అయ్యేసరికి ఒక అవ్వ, ఆమె చెయ్యి పట్టుకుని ఒక పిల్ల వరండా ఎక్కారు. పిల్లకు తొమ్మిదేళ్లుంటాయి. నూనె కారుతున్న రెండు జడలు.

"మాట్లాడే పోటీ యాడన్నా?" అంది పిల్ల.

"ఇక్కడే. ఇంత లేటుగా వచ్చేవేంటి?"

"బస్సు రాలే. నడిచి వచ్చినాం."

ఆ పిల్ల పేరు చిన్నమ్మాయి. అవ్వ పేరు కమలమ్మాళ్. వాళ్లది తరతరాలుగా పుదుచ్చేరి దగ్గరే సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరాలు రావు. ఉపన్యాసమంతా అవ్వ నోటితో చెప్పించింది. పిల్ల నోటితోనే నేర్చుకుంది.

ఎవరు ఎన్నో నంబరో తేల్చే చీటీల్లో ఒక్కటే మిగిలింది. ఒకటో నంబరు. మిగతా పిల్లలందరూ హమ్మయ్య అనుకున్నారు.

"ఒగ తూరి నా కథ వింటావా అన్నా?" అంది చిన్నమ్మాయి. "అవ్వకీ, ఇంట్లో గోడకీ తప్ప ఎవురికీ చెప్పలే. బళ్లో నా తెలుగు విని నగుతారు."

"ఈ పొద్దు సభలో చెప్పల్ల. నేను వినల్ల. అందుకే నడిచి వచ్చినా," అంది అవ్వ.

వీర్రాజు పెద్దరికంగా తలూపాడు. చిన్నమ్మాయి చేతులు కట్టుకుని మొదలుపెట్టింది.

"మా పెయ్య పేరు మల్లి. దానికి రొట్టె అంటే శానా ఇష్టం. ఒగ దినం పింఛను తాత సైకిలు మింద పొడుగు రొట్టె పెట్టుకోని పోతాంటే, మల్లి తాడు తెంపుకోని ఎనకాలే పోయింది. తాత తొక్కతా ఉండాడు. మల్లి తింటా ఉండాది. వైట్ టౌన్ దాకా పోయినారు. తాత ఆఫీసులో మెట్లెక్కినాడు. మల్లి కూడా ఎక్కింది..."

వీర్రాజుకు నవ్వొచ్చింది. బాగుంది కథ. వాడి ఎద్దు కథ కంటే బాగుంది.

"...ఆడ ఒగ రూములో ఒగ దొర నిద్రపోతాండాడు. బట్టతల. దాని మింద తమలపాకు మాదిరి మచ్చ. మల్లి ఆ తలని..."

బోండా వీర్రాజు గొంతులో అడ్డం పడింది.

తమలపాకు మచ్చ ఉన్న బట్టతల పుదుచ్చేరి మొత్తానికి ఒక్కటే. అదిప్పుడు పక్క గదిలో, ఉన్ని టోపీ కింద ఉంది.

"చాలు, చాలు," అన్నాడు వీర్రాజు దగ్గుతూ. "నీకీ కథ ఎవరు చెప్పేరు?"

"మా అవ్వే. పెయ్యని తోలకరాను అవ్వే పోయింది. ఆ దొర కండ్లు మూసుకోనే ఒగ మాట అన్నాడన్నా. అదీ అసలు నవ్వు. అది చివర్న..."

"వద్దు. ఇప్పుడు చెప్పకు."

ఎద్దు పోయింది. కొమ్ములు పోయాయి. వేలాడుతున్న ప్యూన్లిద్దరూ కింద పడ్డారు. రేపు బడిలో తన మొహం ఎలా చూపించాలి? ఈ పిల్ల కథ చివరిదాకా వెళ్లకూడదు. ఎలా?

"సరే, నియమాలు విను," అన్నాడు వీర్రాజు నెమ్మదిగా. "మొదట మైకు చుట్టూ మూడు ప్రదక్షిణలు చెయ్యాలి."

"గుళ్లో మాదిరా?"

"అలాగే. తర్వాత ముగ్గురు జడ్జీల దగ్గరికీ వెళ్లి దండం పెట్టాలి. గంట కొట్టే ఆయనకి కూడా. పరుగెత్తకూడదు. మొదటి గంట మోగగానే ఐదు గుంజీలు."

"గుంజీలు ఎందుకన్నా?"

"నియమం. రెండు గంటలు మోగితే ఆపేయాలి." ఆ చివరి మాట ఒక్కటే నిజం.

చిన్నమ్మాయి వేళ్ల మీద అన్నీ అప్పజెప్పుకుంది. "నువ్వు చెప్పకపోతే అన్నీ తప్పే చేసుంటాను," అంది వెళుతూ.

సభ మొదలైంది. నేను మూడో వరుసలో కూర్చున్నాను, కాబట్టి ఇదంతా కళ్లారా చూశాను. ఒకటో నంబరును పిలిచారు. చిన్నమ్మాయి వచ్చి మైకు చుట్టూ భక్తిగా తిరగడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. తర్వాత కిందికి దిగి జడ్జీలకు దండం, సుబ్బరాయలుకు దండం. సుబ్బరాయలు లేచి నిలబడి, 'నిండు నూరేళ్లు' అని దీవించాడు.

జడ్జీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇది నియమమా? గదిలో చెప్పారా? నిద్రపోయానని ఎవరొప్పుకుంటారు? ముగ్గురూ తల ఊపారు. అనంతరామన్‌గారు మార్కుల కాగితం మీద కొత్త గడి గీసి, పైన 'ప్రదక్షిణ' అని రాసుకున్నారు.

రామభద్రరావుగారు కూడా గుమ్మం దగ్గర నిలబడి చూశారు. ఇది ఈ ఊరి పాత తెలుగువారి ఆచారమేమో, అడిగితే బాగుండదని ఊరుకున్నారు.

చిన్నమ్మాయి మైకు దగ్గరికి వచ్చింది. మైకు పెద్దవాళ్ల ఎత్తున ఉంది. మునివేళ్ల మీద నిలబడింది. తాత సైకిలు వైట్ టౌన్ చేరేలోగా గంట మోగింది. వెంటనే చెవులు పట్టుకుని ఐదు గుంజీలు తీసింది. సభంతా గొల్లుమంది. మల్లి ఆఫీసు మెట్లెక్కుతుండగా రెండు గంటలు మోగాయి.

"మల్లి మెట్లెక్కింది..." అని, నోరు మూసుకుని దిగిపోయింది.

రెండో నంబరు విజయరంగన్. నియమాలన్నీ విన్న పిల్లాడే. కానీ జడ్జీలు ప్రదక్షిణలకు తలలూపడం చూశాడు కదా, ఎందుకైనా మంచిదని నాలుగు చేశాడు. మూడో పిల్లాడు పొర్లుదండం పెట్టాడు. నాలుగో పిల్ల మైకుకు హారతి ఇవ్వడానికి అగ్గిపెట్టె ఉందా అని సుబ్బరాయలును అడిగింది. సభలో జనం కడుపులు పట్టుకున్నారు. నా పక్కాయన పళ్ల సెట్టు ఊడి ముందువరుసలో పడింది. నమ్మితే నమ్మండి.

ఒక్క వీర్రాజుకే నవ్వు రాలేదు. వాడి ముందు బెంచీ మీద చిన్నమ్మాయీ, అవ్వా కూర్చుని ఉన్నారు.

"కథ చివరేదమ్మా? చెప్పలేదే," అంది అవ్వ.

"గంట కొట్టేసినారవ్వా. నియమం."

"శరి పో. నియమమంటే ఇంకేం చేస్తాం. ఇంటికి పోయి గోడకే చెప్పుకుందాం."

అప్పుడు చిన్నమ్మాయి వెనక్కి తిరిగింది. "అన్నా, గుంజీలు సరిగ్గా తీసినానా? కంగారులో ఒగటి తక్కువ తీసినానేమో. నీకు మాట రాదు గదా?"



"ఏడో నంబరు," అని పిలిచారు. అది వాడిదే.

వాడు స్టేజీ ఎక్కాడు. మైకు ముందు నిలబడి నోరు తెరిచాడు. 'ధైర్యం' అనే మాట బయటికి రాలేదు. ముందువరుసలోంచి అనంతరామన్‌గారు చేతితో గాలిలో గుండ్రంగా చుట్టి చూపించారు, ప్రదక్షిణ ఏదీ అన్నట్టు.

వీర్రాజు తిరిగాడు. మూడుసార్లూ తిరిగాడు. చెవులు పట్టుకుని ఐదు గుంజీలు తీశాడు. జనం నవ్వారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో వాడికిప్పుడు తెలిసింది.

"ఈ ప్రదక్షిణలు నియమం కాదండి," అన్నాడు మైకులో. "గుంజీలు కూడా కాదండి. ఒకటో నంబరు అమ్మాయికి నేను కల్పించి చెప్పేను. తన కథ చివరిదాకా వెళ్లకూడదని."

సభలో నవ్వు ఆగింది. అనంతరామన్‌గారు మెల్లగా తన గడి కొట్టేశారు.

"ఎందుకంటే, ఆఫీసులోకి వచ్చింది ఎద్దు కాదండి." వాడు గుమ్మం వైపు చూడలేదు. "పోటీ అధికారిగారు మా నాన్నగారండి. ఇప్పుడు చెప్పేశాను కాబట్టి నేను అవుట్. నా టైములో ఇంకా రెండు నిమిషాలు ఉంటాయండి. అవి ఆ అమ్మాయికి ఇచ్చేయండి."

అందరూ రామభద్రరావుగారి వైపు తిరిగారు. ఆయన చెయ్యి టోపీ మీదికి పోయింది. ఆ రెండు నిమిషాల్లో ఏమి రాబోతోందో అప్పటికి ఆయనకు అర్థమైంది.

"ఒకరి టైము ఇంకొకరికి ఇవ్వవచ్చని నియమాల్లో లేదు," అన్నారాయన, గొంతు సవరించుకుని.

"ప్రదక్షిణ కూడా లేదు కదా సార్," అన్నారు అనంతరామన్‌గారు. "దానికి మేం మార్కులు వేసేశాం."

రామభద్రరావుగారు కొడుకు వైపు చూశారు. వాడింకా మైకు దగ్గరే ఉన్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఆ అమ్మాయిని పిలవండి," అన్నారు.

చిన్నమ్మాయి పరుగున వచ్చి, మైకు ముందు ఆగిపోయి, వీర్రాజును చూసింది.

"తిరగల్నా అన్నా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. మైకు కర్ర మర వదులు చేసి, దాన్ని కిందికి దించి, సరిగ్గా ఆమె నోటి దగ్గర ఆపి, మళ్లీ బిగించాడు.

"చివరిదాకా చెప్పు," అన్నాడు.

చెప్పింది. మల్లి మెట్లెక్కింది. రూములోకి దూరింది. బట్టతల దొర నిద్రపోతున్నాడు. తల మీద తమలపాకు మచ్చ. ఆ మాట రాగానే రామభద్రరావుగారు, "అబ్బ, ఉక్కగా ఉంది," అని టోపీ తీసేశారు.

అవ్వ బెంచీ మీద లేచి నిలబడింది. "సామీ, నువ్వేనా!"

"నేనేనమ్మా," అన్నారాయన. "మీ పెయ్య బాగుందా?"

సభ సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. సుబ్బరాయలు గంట కొట్టడం ఎప్పుడో మర్చిపోయాడు.

"మల్లి ఆ తలని బాగా నాకింది," అంది చిన్నమ్మాయి. "దొర కండ్లు తెరవలే. నిద్రలోనే అన్నాడు: చాలు భ్రమరాంబా, ఇంక నూనె చాలు. నాకు ఆఫీసుకు టైమవుతోంది."

వీర్రాజు వాళ్లమ్మ భ్రమరాంబగారు నాలుగో వరుసలో ఉన్నారు. అందరికంటే ముందు నవ్వింది ఆవిడే, అందరికంటే చివర ఆపింది కూడా ఆవిడే.

మొదటి బహుమతి స్టీలు టిఫిన్ బాక్సు చిన్నమ్మాయికి వచ్చింది. ఆ పిల్ల తెలుగు విని ఎవరూ నవ్వలేదు. కథ విని నవ్వారు.

సోమవారం బడిలో వీర్రాజు చుట్టూ పిల్లలు మూగారు.

"ఒరే, నిజంగా ఎద్దు ఎంత ఉందిరా?"

వీర్రాజు చెయ్యి పైకెత్తాడు. ఒక క్షణం ఆగి, కిందికి దించి, తన నడుము దగ్గర ఆపాడు.

"ఇంతే. పెయ్యదూడ."

"మరి కొమ్ములో?"

"ఇంకా మొలవలేదు."