ఫ్లాస్కుకి చుట్టిన స్వెట్టర్

అతని భార్యను ప్రొఫెసర్ ఆమె బతికుండగానే లాక్కున్నాడు. 'మోడు' అనే కోడ్ నేమ్ ఉన్న ఏజెంటుకు ఇది తేలిపోయిన విషయం. సాక్ష్యం కూడా ఉంది. ఇంట్లో మాయమైన అతని బూడిదరంగు స్వెట్టర్, ఆమె పోయే ముందు ఏడాది, ఆమె పనిచేసే ల్యాబ్‌లో ప్రొఫెసర్ కుర్చీ మీద కనిపించింది.

ఇప్పుడు ఆ ల్యాబ్‌నే కాపాడమన్నాడు చీఫ్. గడ్డిలోని సెల్యులోజ్‌ను ఆవు తనంతట తాను అరిగించుకోలేదు, దాని పొట్టలోని బ్యాక్టీరియా అరిగిస్తుంది. మోడు భార్య కనిపెట్టిన రకం రంపపు పొట్టును కూడా వదలదు. దాన్ని కరువు ప్రాంతాల పశువులకు ఉచితంగా ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఒక విదేశీ ముఠా మాత్రం దాన్ని ముందే పేటెంట్ చేసి అమ్ముకోవాలని చూస్తోంది. లోపలి మనిషెవరో సాయం చేస్తున్నారు.

ఆ ముఠాలో మన తరఫున పనిచేస్తున్న అందగత్తె 'నెమలి'. లోపలి మనిషి ప్రొఫెసరేనని చెప్పింది.

"ఆ బ్యాక్టీరియాకి మీ ఆవిడ పేరే పెట్టుకున్నాడండీ."

ఆమె మాట పూర్తి కాకముందే మోడు నమ్మేశాడు.

ప్రొఫెసర్ని దాణా గదిలో కూర్చోబెట్టి తలుపేశాడు. గోడ అవతల, పొట్టలోంచి శాంపిల్ తీయడానికి డొక్కకు రబ్బరు మూత బిగించిన ఆవు నెమరేస్తోంది. ముఠా గురించి అడగాల్సినవాడు స్వెట్టర్ గురించి అడిగాడు.

"అదా? శాంపిల్ ఫ్లాస్కుకి చుట్టడానికి ఆవిడే తెచ్చింది," అన్నాడు ప్రొఫెసర్. "చల్లబడినా, గాలి తగిలినా అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మా ఇంట్లో ఇంతకన్నా వెచ్చనిది లేదు అంది."

"ఇప్పుడెక్కడుంది?"

"ఫ్లాస్కుకే ఉంది."

ల్యాబ్‌లో ఫ్లాస్కు ఉండే షెల్ఫ్ ఖాళీగా ఉంది. పొద్దున శాంపిల్ చూస్తానని ల్యాబ్‌లోకి వచ్చింది నెమలి ఒక్కతే. వేలు ప్రొఫెసర్ వైపు చూపించి, తను ఫ్లాస్కుతో వెళ్ళిపోయింది.

ఎయిర్‌పోర్ట్‌లో విమానం ఎక్కేవాళ్ళ వరుస కదులుతోంది. స్కానర్ కళ్ళద్దాలతో ఎన్ని ముఖాలు వెతికినా నెమలి దొరకలేదు. గేటు మూస్తున్నారు. చివరగా చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ. చేతిలో డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్, కాబట్టి తనిఖీ లేదు. ఒళ్ళో ఫ్లాస్కు. దానికి బూడిదరంగు స్వెట్టర్, మోచేతి దగ్గర నీలం దారంతో కుట్టు. బూడిదరంగు దారం అయిపోతే అతని భార్య వేసిన కుట్టు అది.

మోడు కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అత్తయ్యా, మందు చల్లారిందేమో చూస్తానుండు."

మూత తీసి, సగం నేల మీద ఒంపి, మిగతాది బాగా గిలకొట్టాడు. గేటంతా ఆవు పొట్ట వాసన. అరిస్తే వేషం బయటపడుతుంది కాబట్టి ముసలావిడ అరవలేదు.

"నీ కుళ్ళుకి ఆ ప్రొఫెసర్నే పట్టుకుని వేలాడతావనుకున్నా," అంది మెల్లగా.

"వేలాడేవాణ్ణే."

అసలు రకం ల్యాబ్‌లో ఆవు పొట్టలో భద్రంగా ఉంది.

వేషం వేసినా నెమలిని ఎలా గుర్తుపట్టావని చీఫ్ అడిగాడు. మోడు స్వెట్టర్‌ను చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. ప్రొఫెసర్ మీద అతనికిప్పుడు కోపం లేదు, క్షమాపణ కూడా అడగలేదు. కోపం కంటికి కనిపించని ఆ పురుగుల మీదికి మళ్ళింది. స్వెట్టర్ లేని ఆ ఏడాది చలి అతనికీ వేసింది.

ఫ్లాస్కుకి స్వెట్టర్ తిరిగి కావాలని ల్యాబ్ నుంచి కబురొచ్చింది. అప్పటికే అది అతని ఒంటి మీద ఉంది, ఎన్నిసార్లు ఉతికినా అదే వాసన.

"దుప్పటి కొనుక్కోమనండి," అన్నాడు మోడు. "ఈ స్వెట్టర్ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."