ఇష్టపూర్వకంగా...

“నన్ను క్షమించకండి అమ్మగారూ... తిట్టండి, కొట్టండి! మీ బిడ్డ ఎక్కాల్సిన విమానం ఎక్కి నేను బతికొచ్చాను!”

వంటింటి గడప దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడుస్తున్న టీచరమ్మను చూసి పెద్దమ్మగారి చేతిలో గరిటె ఆగిపోయింది.

మిషన్‌లో చిన్నా పెద్దా అందరికీ ఆమె పెద్దమ్మగారే. సముద్రాల అవతలి దేశాలకు నర్సులనూ, టీచర్లనూ, సువార్తికులనూ పంపే ఆ క్రైస్తవ సంస్థకు ఆమె భర్త ఇరవై రెండేళ్లుగా అధ్యక్షుడు. స్త్రీల విభాగం ఆమెది. ప్రయాణం కట్టబోయే ప్రతి ఒక్కరికీ ఆఖరి నెల శిక్షణ ఆమే ఇచ్చేది. నీళ్లు ఎంతసేపు మరగనివ్వాలి, డాక్టరు లేని చోట పసిబిడ్డకు జ్వరమొస్తే ఏం చెయ్యాలి, ఇంటిమీద బెంగ పుడితే ఎవరితో చెప్పుకోవాలి... ఎందరు తల్లుల కళ్లు తుడిచి, ఎందరు పిల్లల్ని విమానాలెక్కించిందో! చివరికి తన ఒక్కగానొక్క కూతుర్ని, అందరూ గువ్వ అని ముద్దుగా పిలుచుకునే పిల్లను, తన చేత్తోనే పెట్టె సర్ది నర్సుగా పంపింది.

ఎనిమిది నెలల క్రితం ఆ దేశంలో తిరుగుబాటు రేగింది. మిషన్ ఆసుపత్రి దాకా ఒకే ఒక్క చిన్న విమానం చేరగలిగింది. అందులో నలుగురికే చోటు. టీచరమ్మ, ఆమె భర్త, వాళ్లిద్దరు పిల్లలూ వచ్చేశారు. గువ్వా, ముసలి డాక్టరుగారూ మిగిలిపోయారు. మూడోనాడు ఆసుపత్రిని తగలబెట్టారు... ఇద్దర్నీ అక్కడే సమాధి చేశారని కబురొచ్చింది.

“నా కుమార్తె ఇష్టపూర్వకంగా తన చోటును పసిబిడ్డలకిచ్చింది” అని అధ్యక్షుడు మిషన్ పత్రికలో రాశాడు. ఆ ఒక్క మాటను పట్టుకునే తల్లి ప్రాణం ఇన్నాళ్లూ నిలబడింది! ఉరిమితే చాలు వచ్చి కొంగు కింద దూరే పిల్ల... అంత గుండె ఎక్కణ్ణుంచి తెచ్చుకుందో నా తల్లి అని తలుచుకుని ఏడ్చేది. ఆ ఏడుపులోనే కాస్తంత గర్వపడేది కూడా.

“లే తల్లీ... నీ తప్పేముంది? దాని చోటు అదే ఇచ్చిందిగా” అంది పెద్దమ్మగారు ఆమె భుజం పట్టుకుని.

“ఇవ్వలేదమ్మా!” టీచరమ్మ తలెత్తింది. “మీకు తెలిసే ఉంటుందనుకున్నాను... రేపు సంస్మరణ సభలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. పత్రికలో ఉన్నట్టే చెప్పమన్నారు. నా నోటితో ఆ అబద్ధం ఎలా చెప్పను? మా ఆయన తాను ఉండిపోతానన్నాడు. ‘ఆడపిల్ల, గువ్వని తీసుకెళ్లండి, నేను డాక్టరుగారికి తోడుంటాను’ అన్నాడు. గువ్వ బ్యాగు సర్దుకుంది కూడా! అప్పుడే అయ్యగారి ఫోనొచ్చింది. కుటుంబాన్ని విడదీయొద్దు, మా అమ్మాయి ఆగుతుంది అన్నారు. ‘నేనూ వస్తాను నాన్నా, నాకు భయంగా ఉంది’ అని పిల్ల బతిమాలింది. తర్వాత ఫోను పట్టుకుని బయటికెళ్లింది... ఏం మాట్లాడుకున్నారో తెలీదు. తిరిగొచ్చేసరికి కళ్లు వాచిపోయున్నాయి. బ్యాగు విప్పి, లోపలున్న బిస్కెట్లు మా పిల్లలకిచ్చేసింది!”

పెద్దమ్మగారికి ఏడుపు రాలేదు. గోడ పట్టుకుని మెల్లిగా కింద కూర్చుంది. పొయ్యి మీద కూర మాడిపోతున్న వాసన ఇల్లంతా కమ్ముకుంది.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన భర్తను ఆమె ఒకే ఒక్క మాట అడిగింది.

“మన పిల్ల వస్తానందా?”

ఆయన కడుక్కుంటున్న చేతులు అలాగే నీళ్ల కింద ఉండిపోయాయి. కుళాయి కట్టాడు.

“అంది.”

“అయ్యో... అయ్యో! ఎంత పని చేశారండీ! ఆ అబ్బాయి తనంతట తాను ఉంటానన్నాడుగా!”

“అతనికేమన్నా అయితే? అధ్యక్షుడు తన కూతుర్ని తెచ్చుకుని ఇంకొకరి మొగుణ్ణి బలిపెట్టాడని అనరా? ఆ ఇద్దరు పిల్లల మొహం నేనెలా చూడను? రెండ్రోజుల్లో ఇంకో విమానం వస్తుందనుకున్నాను... ప్రభువు సాక్షిగా అనుకున్నాను!”

“పోనీ... అబద్ధమెందుకు రాశారు?”

“నీకోసమే!” ఆయన ఆమె వైపు తిరిగాడు. “ఆ ఒక్క మాటైనా లేకపోతే నువ్వేమైపోతావోనని...”

“నాకోసమా? దాన్ని కన్నదాన్నండీ నేను! దాని భయం కూడా నాదే. దాన్ని కూడా నాకు లేకుండా చేశారు కదండీ...”

మర్నాడు సాయంత్రం సభ. హాలు కిక్కిరిసింది. ముందు వరసలో, పై నెలలో బయల్దేరాల్సిన కొత్తవాళ్లు కూర్చున్నారు. వాళ్లలో, మిషన్ మళ్లీ తెరుస్తున్న ఆ ఆసుపత్రికి గువ్వ తర్వాత నర్సుగా వెళ్లబోతున్న పిల్ల ఉంది. మనిషి ఐదడుగులు కూడా లేదని అందరూ ‘పొట్టి నర్సు’ అంటారు. దాని పక్కన దాని తల్లి, కూతురి చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చుంది. పెద్దమ్మగారు ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంది. టీచరమ్మ పేరు పిలిచారు. కానీ లేచి మైకు దగ్గరికొచ్చింది పెద్దమ్మగారు.

“నా కూతురు విశ్వాసం కోసం కోరి ప్రాణమిచ్చిన హతసాక్షి కాదు” అంది. “దానికి ఇరవై ఆరేళ్లు. దానికి భయమేసింది. ఇంటికొస్తానని ఏడ్చింది. మేము రానివ్వలేదు... మీ పిల్లల్ని పంపే తల్లులంతా ఇది విని పంపండి. తర్వాత నా దగ్గరికొచ్చి, ముందే ఎందుకు చెప్పలేదని అడక్కండి!”

వేదిక మీద అధ్యక్షుడు తల దించుకున్నాడు. కమిటీ పెద్ద గబగబా లేచి, “తల్లి గుండె కదా... దుఃఖంలో ఉన్నారు” అని పాట ఎత్తించాడు. అందరూ కళ్లు తుడుచుకుంటూ పాడారు.

ఆ వారమే అధ్యక్షుడు రాజీనామా రాసిచ్చాడు. కమిటీ తీసుకోలేదు. “కన్నబిడ్డనే ఇచ్చిన మనిషిని ఎలా వదులుకుంటామండీ?” అన్నారు. నిజం తెలిశాక ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది!

పొట్టి నర్సు ఇంటికొచ్చినప్పుడు, మానుకున్నానని చెప్పడానికే వచ్చిందనుకుని పెద్దమ్మగారు ఎదురెళ్లి చేతులు పట్టుకుంది.

“మంచి పని చేశావు తల్లీ...”

“లేదమ్మగారూ, వెళ్తున్నాను. మీకే ముందు చెబుదామని వచ్చాను.” ఆ పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. “అక్క ధైర్యవంతురాలు, నేను పిరికిదాన్ని, నావల్ల కాదులే అనుకుంటూ రోజూ ఏడ్చేదాన్ని. అక్కకీ నాలాగే భయమేసిందని మీరు చెప్పాకే ధైర్యమొచ్చింది. మీరు చెప్పకపోతే ఆగిపోయేదాన్నేమో!”

“వద్దే! నీ కాళ్లు పట్టుకుంటాను, వెళ్లకే! మీ అమ్మ మొహం చూడవే!”

“ప్రార్థన చెయ్యండమ్మగారూ” అని నవ్వి వెళ్లిపోయింది. అడ్డం పెడదామని పలికిన మాటే దానికి దారి చూపించింది... ఇంకేం చేయగలదు!

పిల్ల వెళ్లే రోజున విమానాశ్రయంలో పొట్టి నర్సు తల్లి పెద్దమ్మగారితో ఒక్క మాట మాట్లాడలేదు. కూతురు అద్దాల తలుపు దాటిపోయాక మాత్రం ఒక్కసారి ఆమె వైపు తిరిగి చూసింది. ఆ చూపు మోసుకుని పెద్దమ్మగారు ఇంటికొచ్చింది.

భర్త ముందుగదిలో చెప్పులైనా విప్పకుండా కూర్చుని ఉన్నాడు. నెల రోజుల్లో పదేళ్లు మీద పడ్డట్టున్నాడు.

“ఫోను బయటికి తీసుకెళ్లాక ఏమంది?” అని అడిగింది ఆమె.

“ఇప్పుడెందుకే అది...”

“చెప్పండి. ఒక్క ముక్క దాచకుండా చెప్పండి.”

“‘నాన్నా, ఒకసారి ఫోను అమ్మకివ్వండి’ అంది. నువ్వు పెరట్లో బట్టలారేస్తున్నావు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నావు... నువ్వొస్తే నా మాట నిలవదని నాకు తెలుసు. ‘అమ్మ ఇంట్లో లేదమ్మా’ అన్నాను.”

“దానికేమంది?”

“‘సరే నాన్నా. నేను ఏడ్చానని అమ్మకి చెప్పకండి’ అంది. అంతే... అంతేనే!”

ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకుని పసివాడిలా భోరుమన్నాడు. “నన్ను వదిలేసి వెళ్లిపో! మీ అన్నయ్య ఇంటికి వెళ్లిపో. నా మొహం చూడకు!”

“క్షమించానని అనలేనండీ. ఆ మాట నా నోట రాదు... బహుశా ఎప్పటికీ రాదు” అంది ఆమె. “కానీ ఎక్కడికని పోను? దాని గొంతు ఆఖరుసారి విన్నది మీరొక్కరే. అది మీ చెవుల్లోనే ఉండిపోయింది. దాన్నొదిలి నేనెక్కడికి పోను?”

కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

“మళ్లీ చెప్పండి” అంది. “ఫోనెత్తగానే... మొట్టమొదట ఏమంది?”