బావిలో కరెంటు

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి తార్నాక మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కమలాకర్‌ని కాల్చేశారు.

రెండు బుల్లెట్లు. పిస్టల్‌కి సైలెన్సర్ ఉంది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఎవరో సోడా సీసాలు కొట్టారనుకున్నారు. బైక్ మీద వచ్చిన ఇద్దరూ లాలాగూడ వైపు తిరిగి ట్రాఫిక్‌లో కలిసిపోయారు. కమలాకర్ మెట్రో పిల్లర్‌కి ఆనుకుని కూలబడి, జేబులోంచి ఫోన్ తీసి, రెండంటే రెండు మాటలు టైప్ చేసి పంపాడు.

"బావిలో కరెంటు."

అంబులెన్స్ వచ్చేసరికి ప్రాణం పోయింది.

ఆ మెసేజ్ వచ్చింది కరుణాకర్ ఫోన్‌కి. ఇద్దరూ కౌంటర్ ఎస్పియనేజ్ వింగ్‌లో పదమూడేళ్లుగా జోడీ. శవాన్ని గుర్తుపట్టి సంతకం చేసింది కరుణాకరే. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌కి వెళ్లి కమలాకర్ భార్య వనజకి చెప్పిందీ అతనే. కరుణాకర్ ఏడవలేదు. పళ్ల డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక దవడ ఎలా ఉంటుందో, ఆ రోజు నుంచి మనిషి మొత్తం అలా ఉన్నాడు. టీ వేడిగా ఉందో చల్లగా ఉందో తెలియడం లేదు. రాత్రి పడుకుంటున్నాడు, పొద్దున లేస్తున్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు.

పదకొండు రోజుల తర్వాత, శనివారం, చీఫ్ దివాకర్ నుంచి పిలుపు వచ్చింది. విద్యానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంటుంది వాళ్ల ఆఫీసు.

"కోడ్‌బుక్‌లో బావి అంటే సేఫ్‌హౌస్. కరెంటు అంటే ఫారిన్ కొరియర్," అన్నాడు దివాకర్. "సిటీలో ఉన్న సేఫ్‌హౌస్‌లన్నీ జల్లెడ పట్టాం. ఎవడూ దొరకలేదు. ఇప్పుడు వేరే వైపు నుంచి లీడ్ వచ్చింది. చూడు."

టేబుల్ మీద రెండు ఫొటోలు పెట్టాడు.

"డాక్టర్ రవికాంత్. నేవీకి సోనార్ డిజైన్ చేస్తున్నాడు. శత్రువుల సబ్‌మెరైన్ అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నా పసిగట్టే సిస్టమ్. ఆ డిజైన్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి 'ఆక్టేవ్' అనే విదేశీ గూఢచారి ముఠాకి అమ్ముతున్నాడని మన ఏజెంట్ చెబుతోంది."

ఏజెంట్ రెండో ఫొటోలో ఉంది. శ్రీలలిత. పాత కట్టడాలు బాగుచేసే కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్. ఆక్టేవ్ దగ్గర పనిచేస్తున్నట్టు నటిస్తూ మూడేళ్లుగా వీళ్లకి సమాచారం ఇస్తోంది. కోడ్‌నేమ్ పారిజాతం. ఫొటోలో కూడా మనల్నే చూస్తున్నట్టుండే ఆడమనిషి.

"రేపు ఉదయం ఏడున్నరకి యూనివర్సిటీ క్యాంపస్‌లో పాత మెట్లబావి దగ్గర హెరిటేజ్ వాక్. ఆర్గనైజర్ శ్రీలలితే. ముఖ్య అతిథి రవికాంత్. పెన్‌డ్రైవ్ అక్కడ చేతులు మారుతుంది. నువ్వు ఫొటోగ్రాఫర్‌వి. వాడి చేతుల మీంచి కెమెరా తిప్పకు."

"సరే."

దివాకర్ ఫొటోలు అతని ముందుకి జరిపాడు. "లీవ్ కావాలంటే చెప్పు. ఇంకొకర్ని పంపుతాను."

"వద్దు సార్. ఇంట్లో కూర్చున్నా ఇంతే."

ఆదివారం ఉదయం నెరిసిన విగ్గు, లావు ఫ్రేము కళ్లజోడు పెట్టుకుని, భుజాన ట్రైపాడ్ వేసుకుని కరుణాకర్ క్యాంపస్‌లోకి నడిచాడు. లెన్స్‌లో మైక్ ఉంది. ముప్పై అడుగుల దూరంలో గుసగుస కూడా దొరుకుతుంది. చెవిలో ఇయర్‌పీస్, అందులో దివాకర్.

హాస్టళ్లు దాటాక, చెట్ల మధ్య నేల ఒక్కసారిగా కిందికి దిగుతుంది. అదే బావి. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉన్నదాన్ని ఈమధ్యే తవ్వి బాగుచేశారు. నాలుగు పక్కలా కమానులు, వాటి మధ్యలో నలభై రాతిమెట్లు, పై అంచున ఒకప్పుడు నీళ్లు తోడే మోట బిగించిన, బయటికి పొడుచుకొచ్చిన రాళ్లు. అడుగున ఆకుపచ్చటి నీళ్లు. చిట్టచివరి మెట్టు జానెడు లోతున మునిగి ఉంది.

పై కమాను కింద శ్రీలలిత నిలబడి ఉంది. నీలం నేత చీర, చెవులకు ముత్యాలు, చేతిలో ఫోన్.

"ఈ బావిలో చేపలున్నాయా?" అడిగాడు కరుణాకర్.

"తాబేళ్లున్నాయి," అంది. పాస్‌వర్డ్ సరిపోయింది. గొంతు తగ్గించి, "మీ ఫ్రెండ్ సంగతి విన్నాను. చాలా బాధేసిందండీ," అంది.

అతను తలూపి మెట్లు దిగాడు. నాలుగు మెట్లు దిగేసరికి గాలి చల్లబడింది. పది మెట్లు దిగేసరికి పైన బస్సుల హారన్లు ఆగిపోయాయి. పావురాల రెక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. పన్నెండు రోజుల్లో మొదటిసారి, తన లోపల ఉన్నట్టే బయట కూడా ఉన్న చోటికి వచ్చాననిపించింది.

విజిటర్లు పాతికమంది దాకా ఉన్నారు. సగం మంది స్టూడెంట్లు. అందరూ చెప్పులు విప్పి, చేతుల్లో బంతిపూలు పట్టుకుని దిగుతున్నారు. చివరి మెట్టు మీద నిలబడి నీళ్లలో పూలు వదలాలని ప్రోగ్రామ్. డాక్టర్ రవికాంత్ ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుంటున్నాడు. బొద్దుగా, అమాయకంగా ఉన్నాడు.

కరుణాకర్ సగం మెట్ల మీద ట్రైపాడ్ దించాడు. పక్కనే బావి కావలిమనిషి వెంకటనర్సయ్య చీపురుతో కూర్చుని ఉన్నాడు.

"జరంత సంబాలించి పెట్టుండ్రి సార్. గీడ వైరున్నది."

గోడ వెంట నల్లటి కేబుల్. కొత్తది.

"ఏం వైరు తాతా ఇది?"

"నిన్న మేడమ్ మనుషులు అచ్చి ఏసిన్రు. లైట్లకట."

"లైట్లేవి?"

"గదే నేనడిగిన. తర్వాత పెడ్తమన్నరు. వైరైతే సీదా నీళ్లల్లకే పోయింది." వెంకటనర్సయ్య చీపురు పక్కన పెట్టాడు. "పైన మోటరు రూముల ఫోన్ స్టార్టర్ గూడ బిగించిన్రు. మా ఊర్ల పొలం కాడ గసుంటిదే ఉన్నది. ఇంట్ల కూసొని ఫోన్ కొడ్తే మోటరు నడుస్తది. గీడ మోటరు తీసేసి మూడు నెలలాయె. మోటరే లేనప్పుడు స్టార్టరెందుకో."

బావిలో కరెంటు.

కరుణాకర్ కేబుల్‌ని చూశాడు, నీళ్లని చూశాడు. ఇది ఎలాగో పసిగట్టినందుకే కమలాకర్‌ని కాల్చారు. అతనికి కోడ్‌బుక్ గుర్తు రాలేదు. చచ్చిపోతూ ఉన్నదున్నట్టు తెలుగులో రాశాడు. పన్నెండు రోజులుగా తామే దానికి అర్థాలు వెతుకుతూ కూర్చున్నారు.

పెన్‌డ్రైవ్ లేదు, అమ్మకం లేదు. అందరి కళ్లూ రవికాంత్ చేతుల మీద ఉండాలని శ్రీలలిత అల్లిన కథ అది. అతని కాళ్లు నీళ్లలో పడగానే ఒక్క ఫోన్ కాల్. పేపర్లో యాక్సిడెంట్ అని వస్తుంది.

కేక వేస్తే ఆమె వెంటనే కాల్ చేస్తుంది. అప్పటికే నలుగురు అమ్మాయిలు చివరి మెట్టు మీద పాదాలు ముంచి నవ్వుకుంటున్నారు.

"రూము చావి ఎవరి తాన ఉన్నది?"

"మేడమ్ తాన్నే."

ట్రైపాడ్ భుజాన వేసుకుని మెట్లెక్కాడు. పరుగెత్తలేదు. ఇయర్‌పీస్‌లో దివాకర్, "ఎక్కడికి? సబ్జెక్ట్‌ని వదలకు," అంటున్నాడు. కమాను కింద శ్రీలలిత కళ్లెత్తింది.

"బ్యాటరీ అయిపోయింది," అన్నాడు కరుణాకర్.

"త్వరగా రండి. మంచి షాట్ మిస్సవుతారు."

మోటారు గది బావి వెనక ఉంది. రేకుల తలుపు, తాళం. ట్రైపాడ్‌తో మూడో దెబ్బకి తాళం ఊడింది. లోపల స్టార్టర్ బాక్స్ మీద ఆకుపచ్చ లైటు, పక్కన గోడకి మూడు పింగాణీ ఫ్యూజులు. కింద మైకులో ఎవరో, "ఇప్పుడు మన ముఖ్య అతిథి గారు నీళ్లలోకి..." అంటున్నారు.

మొదటిది లాగాడు. రెండోది లాగాడు. మూడోది బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో గుంజాడు. నీలంగా మెరుపు లేచి వేళ్లు చురుక్కుమన్నాయి. ఫ్యూజు చేతిలోకి వచ్చింది. మైకు మాట మధ్యలో ఆగిపోయింది.

ఆ తర్వాతి క్షణంలో స్టార్టర్ బాక్స్‌లో టక్కుమని చప్పుడైంది. కాల్ వచ్చింది.

అతను తిరిగి వచ్చేసరికి శ్రీలలిత ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది. అందులోంచి రికార్డు చేసిన ఆడగొంతు ఓపిగ్గా చెబుతోంది: "త్రీ ఫేజ్ కరెంటు లేదు. మోటారు ఆన్ చేయబడలేదు."

ఆమె మళ్లీ నంబరు నొక్కింది. ఆ గొంతు మళ్లీ అదే చెప్పింది.

కరుణాకర్ ఫోన్ తీసుకున్నాడు. ఆమె చెయ్యి కొప్పులోని పిన్ను వైపు వెళ్లింది. మణికట్టు పట్టుకుని ఆపాడు. పిన్ను కొసన తేనెరంగులో ఏదో తడి.

"ఎలా తెలిసింది?" అంది.

"కమలాకర్ చెప్పాడు."

"అతనికి చెప్పే టైమ్ ఇవ్వలేదే."

"రెండు మాటలకి సరిపోయింది."

తోటమాలుల వేషంలో ఉన్న తమ వింగ్ మనుషులిద్దరు వచ్చి ఆమెను వ్యాన్ ఎక్కించారు. కోపం వస్తుందని కరుణాకర్ ఎదురుచూశాడు. రాలేదు. కింద డాక్టర్ రవికాంత్ చీలమండలు దాటిన నీళ్లలో నిలబడి పూలు వదులుతున్నాడు. అతని జేబులో నిజంగానే పెన్‌డ్రైవ్ ఉంది. పాత బావుల మీద తయారుచేసుకొచ్చిన నూటపది స్లైడ్లు.

మధ్యాహ్నం లాలాగూడ వెళ్లాడు. వనజ తలుపు తీసి, వేళ్లకి కట్టిన కట్టు చూసింది.

"తిన్నవా అన్నా?"

"లేదు చెల్లె."

పప్పుచారు, అన్నం పెట్టింది. అతను చెప్పగలిగినంత చెప్పాడు.

"గా మెసేజ్‌ను మేమంత కోడ్ అనుకున్నం. కాదు. సీదా తెలుగుల రాసిండు. దాంతోనే ఇయ్యాల శానమంది బతికిన్రు."

వనజ గరిటె గిన్నెలో పెట్టింది.

"ఇంట్ల గూడ గంతే," అంది. "ఉన్నదున్నట్టు అనేటోడు. నేనే ఇంకేదో అనుకొని లొల్లి వెట్టుకునేదాన్ని."

కరుణాకర్ ముద్ద కలిపాడు. ఏడుపు వస్తుందేమోనని కాస్త ఆగి చూశాడు. రాలేదు. పప్పుచారులో పులుపు మాత్రం తెలిసింది. ఇంకొంచెం వెయ్యమన్నాడు.

మర్నాడు పేపర్లో సిటీ పేజీ అడుగున నాలుగు లైన్లు వచ్చాయి. మెట్లబావి దగ్గర ఉన్నట్టుండి కరెంటు పోయి మైకు పనిచేయలేదని, అందువల్ల అతిథులెవరూ ప్రసంగించలేకపోయారని, కార్యక్రమం దిగ్విజయంగా ముగిసిందని రాశారు.