ద్వారపాలకుడి భక్తుడు

"మీ అక్క ఫొటో ఇవాళ సరిహద్దు దాటబోతోంది," అన్నాడు చీఫ్, బిస్కెట్ టీలో ముంచుతూ.

పిచ్చుక కుర్చీలోంచి లేచాడు. ఆరడుగుల ఏజెంట్‌కి ఆ కోడ్ నేమ్ పెట్టిన మహానుభావుడెవరో గానీ, డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. అతని అక్క ఆరేళ్లుగా సరిహద్దు అవతల, శత్రు గూఢచారి ముఠా హెడ్డాఫీసులో టైపిస్టు. వాళ్ల దృష్టిలో నమ్మకమైన ఉద్యోగి, నిజానికి మన మనిషి.

"పోయిన వారం ఆవిడ రహస్యంగా ఇటొచ్చి నన్ను కలిసింది. వాళ్ల కొరియర్ దూరం నుంచి ఫొటో తీశాడు. అందులో ఉన్నదెవరో వాడికీ తెలీదు. రీలు ఇంకా కడగలేదు. హెడ్డాఫీసులో కడిగితే మాత్రం తెలిసిపోతుంది."

"అక్క ఇటొచ్చిందా? నాకు చెప్పలేదేం సార్?"

"చెప్పకూడదు. రూల్. రీలు పాతగుడి దగ్గర చేతులు మారుతుంది. అక్కడి మ్యూజియంలో ఒకరు నీకు వివరాలు చెబుతారు. ఆపు. లేకపోతే మీ అక్క లేనట్టే."

గుడి గుమ్మం దగ్గరే సగం మిషన్ మంటగలిసింది. ట్రాన్స్‌మిటర్ బూటు మడమలో ఉంది, బూట్లేమో బయటే విప్పాలి. గుడి ప్రాకారంలోనే ఉన్న శిల్పాల మ్యూజియం దగ్గర పెన్ పిస్టల్ కూడా పోయింది. గార్డు లాగేసుకున్నాడు.

"పెన్నులు లోపలికి కుదరదు బాబూ. వచ్చినవాడల్లా రాయి మీద వాడి పేరు, వాడి పిల్ల పేరు గీకిపోతున్నాడు."

"నేను గీకనండీ."

"అందరూ అదే అంటారు."

లోపల తలల్లేని నాట్యగత్తెలు, తొండం విరిగిన ఏనుగులు, ముక్కు అరిగిన దేవతలు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్య నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, గైడ్ బ్యాడ్జీ. నెమలి! ఇటూ అటూ పనిచేసే డబుల్ ఏజెంట్. ఆ అందం చూసి రెండు దేశాల ఆఫీసర్లూ బోల్తా పడ్డారని ప్రతీతి.

"ఈ విగ్రహానికి తల ఎప్పుడు పోయింది?" అన్నాడు పిచ్చుక. అది కోడ్.

"ఉన్నప్పుడు మాత్రం ఏం వెలగబెట్టింది?" అంది నెమలి. అదే జవాబు. తర్వాత గొంతు తగ్గించింది. "కొరియర్ ఎవరో నాకూ తెలీదు. పూలబుట్ట తెచ్చి నాకిస్తాడు. రీలు పూల కింద ఉంటుంది. నేను కారులో ఉన్నవాడికి అందించాలి."

"అందించకు."

"అందించకపోతే వాళ్లు చంపుతారు. నీకు చెప్పాను, మీవాళ్ల రుణం తీరింది. బుట్ట నా చేతికొచ్చాక మాత్రం నిన్ను కాల్చడానికి కూడా వెనకాడను. తప్పుగా అనుకోకు."

పిచ్చుక గుళ్లోకి పరిగెత్తాడు. ఎవరి చేతిలో చూసినా పూలబుట్టే! ఎవర్ని పట్టుకుంటాడు? ఎవరి బుట్ట లాగుతాడు? ఒంటరిగా, ఉత్త కాళ్లతో, ఉత్త చేతులతో నిలబడ్డాడు. "నావల్ల కాదే అక్కా," అనుకున్నాడు.

అప్పుడు కనిపించాడొకడు. పంచెకట్టు, నుదుట బొట్టు, మెడలో తులసిమాల, వంక పెట్టడానికి లేదు. కాకపోతే ద్వారపాలకుడి ముందు సాష్టాంగ పడ్డాడు! కోరలు, గద, నిలువెత్తు రాయి. లేచి, బుట్టలోంచి పూలు తీసి దాని పాదాల మీద చల్లి, మళ్లీ పడ్డాడు. గర్భగుడిలో దీపం వెలుగులో ఉన్న చిన్న మూర్తి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఎంత ట్రైనింగిచ్చినా దేవుడెవరో చెప్పడం మర్చిపోయినట్టున్నారు. అన్నిటికన్నా పెద్ద విగ్రహమే దేవుడనుకున్నాడు పాపం.

"ఏవయ్యా, కాపలావాడికే ఇంత భక్తా? లోపలాయనకేమైనా మిగులుస్తావా?" అంది వెనకున్న ముసలావిడ.

వాడు తడబడి బయటికి నడిచాడు. ఎండ మండుతున్న ప్రాంగణంలో నెమలి చెయ్యి చాచింది. బుట్ట ఆమె వేళ్లకి తగలడం, పిచ్చుక దూకడం ఒక్కసారే జరిగాయి. పూలు చెల్లాచెదురయ్యాయి. రేకు డబ్బా అతని చేతిలో పడింది. డొక్కలో పిస్టల్ గుచ్చుకుంది.

"ఇచ్చెయ్," అంది నెమలి.

అతను మూత ఊడబీకి, రీలు మొత్తం బార్లా లాగేశాడు. "తీసుకో. ఎండ తగిలింది. ఇక ఇందులో ఎవరి మొహమూ లేదు."

నెమలి నిట్టూర్చి పిస్టల్ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. "అయితే నన్నొక తోపు తొయ్యి. కారులోవాడు చూస్తున్నాడు. గట్టిగా, వాడు నమ్మాలి."

గట్టిగానే తోశాడు. పారిపోతున్న కొరియర్‌ని ప్రాకారం బయట కాపు కాసిన మనవాళ్లు పట్టుకున్నారు.

గుడి ఎదుటి కొట్లోంచి పిచ్చుక చీఫ్‌కి ఫోన్ చేశాడు. "రీలు పోయింది సార్. అక్క బతికింది." తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు. "ఇంటికెప్పుడు పిలిపిస్తున్నారు?"

అవతల బిస్కెట్ కొరికిన చప్పుడు.

"ఎందుకు పిలిపించడం?"

"ఆరేళ్లయింది సార్! ఇంకెన్నాళ్లు?"

"ప్రమాదంలో ఉంటే తప్పకుండా పిలిపించేవాళ్లమయ్యా," అన్నాడు చీఫ్. "ఆ ప్రమాదం కాస్తా నువ్వే తప్పించావు కదా. కంగ్రాట్స్."