ఆరో వరుసలో వేడి

ఆట మొదలయ్యేసరికి నూకరత్నం తూర్పు గ్యాలరీని వెలుగుతో అల్లిన నీడజనంతో నింపేసింది. కుర్రకారును కాస్త పలచగా, చంకన పిల్లలున్నవాళ్లను కాస్త చిక్కగా చల్లింది. కుటుంబాలు కనిపిస్తే ప్రకటనలవాళ్లు మురిసిపోతారు. చప్పట్ల మీట పైకి తోసింది. విశాఖ మహిళా ఫుట్‌బాల్ మైదానం హోరెత్తింది. ఒక్క కుర్చీలోనూ మనిషి లేడు.

మొదట్లో నీడల్ని ఖాళీలు పూడ్చడానికే తెచ్చారు. అప్పట్లో నిజం మనుషులు వచ్చేవారు, తిట్టేవారు, వానొస్తే లేచిపోయేవారు. నీడలకు ఆ జబ్బులేవీ లేవు. గ్యాలరీల్లోని నీడల్నీ ఒంటి వేడినీ కలిపి లెక్కేసే బోర్డు ఏటేటా హాజరు పెరిగిందని చూపించింది, లీగ్ పెద్దలు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. ఆఖరికి మనుషులొస్తే లెక్క చెడుతోందని గేట్లకే తాళాలు వేశారు. పెళ్లికొడుకును గెంటేసి విందు చేసుకున్నట్టు! ఇంటికెళ్లి ఎంత రుద్ది కడుక్కున్నా నూకరత్నం చేతులకు ఆ రోత వదిలేది కాదు.

"ఆరో వరుసలో వేడి కనిపిస్తోంది," చెవిలో వృద్ధి అధికారి భానోజీ గొంతు. "ఎవరో దేహప్రేక్షకురాలు. చుట్టూ నీడలు చిరిగిపోతున్నాయి. పంపించెయ్."

ఒంటి వేడి బోర్డుకు అందకుండా చల్లకోటు తొడుక్కుని, మీటల పలక ముంజేతికి కట్టుకుని, ఆమె గ్యాలరీలోకి దిగింది. ఒళ్లో కేరేజీతో పోలమ్మ అనే జాలరి మనిషి కూర్చుని ఉంది.

"ఇక్కడ మనుషులు కూర్చోకూడదు పిన్నీ."

"మనుసులు కూకోకపోతే మరెవులు కూకుంతారమ్మా?" అంది పోలమ్మ. "గోలు కాడున్నాది మా గుంటే, నా కూతురు బంగారి. కేరేజీ ఇచ్చొచ్చేద్దామని ఆటగత్తెల దారంట వచ్చినాను. దానాట ఒక్కపాలీ సూడనేదు."

అంతలోనే బంతి దూసుకొచ్చింది. బంగారి గాల్లోకి ఎగిరి దాన్ని ఆపింది. తల గోల్ స్తంభానికి కొట్టుకుంది. పడింది. లేవలేదు.

నీడజనం లేచి నిలబడి కేరింతలు కొట్టింది. ఎవరు పడినా ఉత్సాహపడాలని దానికి నేర్పారు.

"ఇళ్లలో చూసేవాళ్లు పెరుగుతున్నారు!" అన్నాడు భానోజీ. "చప్పట్లు పెంచు. ఆ ఆరో వరుస ఆవిణ్ణి తెరమీద పడనీయకు."

శవాల మీద పేలాలు ఏరుకునే రకం.

పోలమ్మ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి కేకేసింది. మంచులో దారి తప్పిన పడవను ఒడ్డుకు పిలిచే కేక అది. చప్పట్లు దాన్ని మింగేశాయి. మళ్లీ వేసింది. గొంతు జీరపోయింది.

"పెంచమన్నానా?"

"ఛీ! నువ్వూ ఓ మనిషివేనా?" అంది నూకరత్నం. పలక మీది మీటలన్నీ అడుగుదాకా లాగేసింది.

నీడలన్నీ ఆరిపోయాయి. ఎండలో బోసి కుర్చీలు బయటపడ్డాయి. ఆటగత్తెలు ఉన్నచోటే నిలబడిపోయారు. ఆ నిశ్శబ్దంలో మూడోసారి పోలమ్మ కేక మైదానం ఈ కొసనుంచి ఆ కొసదాకా వెళ్లింది. గడ్డిమీద బంగారి చెయ్యి కదిలి, నెమ్మదిగా పైకి లేచింది. అప్పుడు అందరూ ఆమె దగ్గరికి పరిగెత్తారు.

"బోర్డు చూడు!" అరిచాడు భానోజీ. "హాజరు ఒకటి! దేశమంతా చూస్తోంది. ముందు ఆవిణ్ణి బయటికి పంపు!"

నూకరత్నం చల్లకోటు విప్పి కుర్చీ మీద పడేసింది. పోలమ్మ కేరేజీ పక్కకు జరిపి చోటిచ్చింది. ఆమె కూర్చుంది.

బోర్డు మీద ఒకటి పోయి రెండు పడింది.