మూడో నంబరు బోను

ఆ ఫ్యాక్టరీలో మూడో నంబరు బోను పేరెత్తితే రాత్రి షిఫ్టువాళ్ళు అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేవారట. బోనులో ఉండేది పులి కాదు — కార్ల తలుపులు అతికే ఇనుపచెయ్యి. అక్కడ పనిచేసే ఒక ఫిట్టరు తల పగలగొట్టి చంపింది అదే. తర్వాత దాన్ని నడిపే కంప్యూటర్ మార్చారు, రక్తం కడిగి రంగు వేశారు. అయినా కరెంటు పోయి వస్తే చాలు... ఎవరూ ముట్టుకోకుండానే గిర్రున తిరిగి, ఫిట్టరు నిలబడ్డ చోటునే కొట్టేది.

"వాడి దెయ్యమే," అని గుసగుసలాడుకునేవారు.

ఆ రాత్రి దాన్ని బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్, చచ్చిపోయిన ఫిట్టరుకి స్వయానా బావమరిది. బావ తాగి, నడుస్తున్న బోనులోకి దూరాడని కంపెనీ తేల్చేసింది. అక్క వీధిలో తలెత్తుకోలేకపోతోంది. బావ చుక్క ముట్టడని ఇతనికి తెలుసు.

"పాత ఫర్మ్‌వేర్ తుడిచేసి కొత్తది ఎక్కించు," అన్నాడు సూపర్‌వైజర్. "అక్కడ చూడ్డానికేం లేదు."

మెకానిక్ చూడనే చూశాడు. బోను గేటు బార్లా తెరిచి, బావ నిలబడ్డ చోట స్టూలు మీద హెల్మెట్ పెట్టి, బయటికొచ్చి మెయిన్ వేశాడు.

ఇనుపచెయ్యి కదిలింది... తిరిగింది... హెల్మెట్ ముక్కలై అతని చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

గేటు తెరిచి ఉంటే అది కదలకూడదు! ఫర్మ్‌వేర్ అంటే యంత్రానికి పుట్టుబుద్ధి. లోపలి చిప్పులో రాసి ఉంటుంది. కరెంటు పోయినా పోదు, పైన కంప్యూటర్ మార్చినా మారదు. కరెంటు రాగానే తిరగమనీ, గేటు సంగతి పట్టించుకోవద్దనీ ఆ బుద్ధికి ఎవరో నేర్పారు.

మెయిన్ ఆపేసి, బోనులోకి వెళ్ళి, ఇనుపచెయ్యి భుజంలోంచి చిప్పు పీకాడు.

"ఇలా తే." వెనక సూపర్‌వైజర్ — చేతిలో పెద్ద స్పానర్.

"బావ తాగలేదు. నువ్వే కదూ మార్చింది?"

"గేటు తీసినప్పుడల్లా ఆగిపోతుంటే పనెలా అవుతుందిరా!"

స్పానర్ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. గుప్పిట మాత్రం విప్పలేదు. సూపర్‌వైజర్ అతని జుట్టు పట్టి, బావ పడిపోయిన చోటికే ఈడ్చుకొచ్చి, స్పానర్ మళ్ళీ ఎత్తాడు...

గిర్రుమంది.

ముఖం మీద వెచ్చగా ఏదో చిందింది. మెకానిక్ కళ్ళు తెరిచేసరికి సూపర్‌వైజర్ నేలమీద ఉన్నాడు — బావకి పగిలిన వైపే తల పగిలి.

మెయిన్ ఆపింది ఆపినట్టే ఉంది. చిప్పు అతని గుప్పిట్లోనే ఉంది.

"...బావా?" అన్నాడు మెల్లిగా.

ఇనుపచెయ్యి నిదానంగా వెనక్కి జరిగి, అతను బయటికెళ్ళడానికి దారి వదిలింది.